10 మెగావాట్లకి నాలుగు గంటల బ్యాటరీ: 40 అని రాసుకుంటే 55 ఎందుకవుతుంది

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గ్రిడ్‌కి 10 మెగావాట్లకి మించి పంపడానికి వీల్లేని చోట సోలార్ ప్లాంట్ పెడుతున్నారు. పొద్దు గూకాక నాలుగు గంటలపాటు పూర్తిగా 10 మెగావాట్లూ ఇవ్వాలి. 10 మెగావాట్ల ప్యానెళ్లు, 40 మెగావాట్ అవర్ల (అంటే 40 వేల యూనిట్ల) లిథియం బ్యాటరీ అని కొటేషన్ వచ్చింది. ఇది సరిపోతుందా, బ్యాటరీ వల్ల యూనిట్‌కి ఎంత పడుతుంది, దీనికంటే ఉప్పు కరిగించి వేడి దాచే సోలార్ థర్మల్ మేలా అని అడిగారు.

సరిపోదు. ప్యానెళ్లూ చాలవు, బ్యాటరీ కూడా చాలదు. ముందు ప్యానెళ్ల సంగతి చూద్దాం, అది తేలిక.

ఎండ బాగా కాసే చోట 1 కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకి 4.5 యూనిట్లు ఇస్తుందనుకుంటే, 10 మెగావాట్ల ప్యానెళ్లు రోజుకి 45 వేల యూనిట్లు ఇస్తాయి. సాయంత్రం మీటర్ దగ్గర 40 వేల యూనిట్లు కనబడాలంటే దారిలో పోయేది కూడా కలుపుకుని పగలు బ్యాటరీ వైపు సుమారు 47 వేలు పంపాలి. అంటే పగలంతా తయారైన కరెంటు బ్యాటరీకే చాలదు, పగటిపూట గ్రిడ్‌కి పోయేది సున్నా. పగలు కూడా అమ్ముకోవాలంటే ప్యానెళ్లు 20 మెగావాట్లు దాటాలి. 22 మెగావాట్లు పెడితే రోజుకి 99 వేలు వస్తాయి: 47 వేలు బ్యాటరీకి, 52 వేలు నేరుగా గ్రిడ్‌కి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మధ్యాహ్నం 10 మెగావాట్లు దాటిన మిగులు ఒక్కటే బ్యాటరీకి పోస్తే చాలనుకుంటారు. 22 మెగావాట్ల ప్యానెళ్ల మీద ఆ మిగులు మామూలు రోజున 27 వేల యూనిట్ల దగ్గరే ఆగిపోతుంది. తక్కిన 20 వేలూ గ్రిడ్‌కి పోయేదాంట్లోంచే మళ్లించాలి, అదీ పొద్దున్నుంచే. ఈ మళ్లింపు కంట్రోల్ ప్రోగ్రామ్‌లో రాసి లేకపోతే, ఎండ బాగున్న రోజు కూడా బ్యాటరీ సగం మీద కాస్త పైకి నిండి ఆగుతుంది.

ఇక బ్యాటరీ. 40 మెగావాట్ అవర్లు అన్నది సెల్స్ మీద రాసిన అంకె. మీరు బిల్లు కొట్టేది మీటర్ దగ్గర. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో వెనక నుంచి ముందుకి లెక్క కడదాం.

కరెంటు బ్యాటరీలోంచి బయటికొచ్చేటప్పుడు సెల్స్ లోపలి నిరోధకంలో 3 శాతం, డీసీని ఏసీగా మార్చే పీసీఎస్‌లో 1.5 శాతం, ట్రాన్స్‌ఫార్మర్‌లో 1 శాతం, కేబుళ్లలో అర శాతం పోతుందనుకోండి. 0.97, 0.985, 0.99, 0.995 గుణిస్తే 0.94 వస్తుంది. మీటర్ దగ్గర 40 కావాలంటే సెల్స్ దగ్గర 42.5 ఉండాలి. సెల్స్‌ని అట్టడుగు దాకా ఊడ్చెయ్యరు, 95 శాతమే వాడతారు కాబట్టి 44.7. ఇది కొత్తగా ఉన్నప్పటి మాట. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ మొదటి ఏడాది 5 శాతం దాకా కెపాసిటీ పోగొట్టుకుని, ఆ తర్వాత ఏటా 2 శాతం చొప్పున తగ్గుతాయనుకుంటే ఎనిమిదో ఏడు ముగిసేసరికి 81 శాతం మిగులుతుంది. 44.7ని 0.81తో భాగిస్తే 55.

ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే 20 అడుగుల కంటైనర్‌ని తీసుకుందాం. అందులో 314 ఆంపియర్ అవర్ల సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్ 3.2 వోల్టుల దగ్గర 1 యూనిట్‌కి అటూ ఇటూ. 104 సెల్స్ ఒక ప్యాక్, అలాంటివి నాలుగు వరసగా కలిపితే 416 సెల్స్ ర్యాక్, 1331 వోల్టులు. అలాంటి ర్యాక్‌లు 12. మొత్తం 4992 సెల్స్, 5016 యూనిట్లు. కొటేషన్ ఇచ్చినవాళ్లు 40ని 5తో భాగించి 8 కంటైనర్లు రాశారు. పై లెక్క ప్రకారం 10 పెడితే మూడు, నాలుగేళ్లు నాలుగు గంటలు నిలుస్తాయి. 11 పెడితే ఎనిమిదేళ్లు. 8 పెడితే మొదటి రోజే మూడున్నర గంటలకి 10 మెగావాట్లు పడిపోతాయి. అదేం మోసం కాదు, కాగితం మీద వాళ్లు అమ్మింది నిజంగానే 40. ఆ 40 ఎక్కడ కొలిచారన్నది మీరు అడగలేదు, అంతే.

డబ్బు లెక్కకి వద్దాం. ధరలు నెలనెలా మారతాయి, చోటుని బట్టి మారతాయి, అందుకని ఏ డబ్బులోనైనా పనికొచ్చే పద్ధతి చెప్తాను. సివిల్ పని, పీసీఎస్, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ కలుపుకుని బ్యాటరీకి యూనిట్ కెపాసిటీకి 1000 ఖర్చయిందనుకోండి. అమ్మేవాడి కరపత్రంలో 1000ని 365తో, మళ్లీ 15 ఏళ్లతో భాగించి, యూనిట్‌కి 0.18 అని ఉంటుంది. ఇందులో వడ్డీ లేదు, నష్టాలు లేవు, మబ్బు రోజులు లేవు.

అసలు లెక్క ఇలా ఉంటుంది. 10 శాతం వడ్డీ మీద 15 ఏళ్లకి 1000 తీర్చాలంటే ఏటా 131.5 కట్టాలి. నిర్వహణ, ఇన్సూరెన్స్ 2 శాతం, అంటే 20. మొత్తం 151.5. పూర్తిగా నిండి, పూర్తిగా వాడే రోజులు ఏడాదికి 330 అనుకుందాం. మీటర్ దగ్గర వచ్చేది 330 సార్లు 40 వేలు, అంటే కోటీ 32 లక్షల యూనిట్లు. దాన్ని కొన్న 55.2 వేల యూనిట్ల కెపాసిటీతో భాగిస్తే, కొన్న ప్రతి యూనిట్ కెపాసిటీ ఏడాదికి 239 యూనిట్లు అందిస్తోంది. 151.5ని 239తో భాగిస్తే 0.63. కరపత్రం అంకెకి మూడున్నర రెట్లు. మీ కొటేషన్‌లో కెపాసిటీ ధర ఎన్ని వేలుంటే అన్ని 0.63లు వేసుకోండి. ఎనిమిదో ఏడు తర్వాత కలిపే కొత్త కంటైనర్లు ఇందులో లేవు, అవి వేరే.

దీని మీద పోయిన కరెంటు ఖర్చు కూడా కలపాలి. 47 వేలు పోసి 40 వేలు తీస్తున్నారు కాబట్టి బ్యాటరీ నుంచి వచ్చే ప్రతి యూనిట్‌కి ప్యానెల్ యూనిట్లు 1.18 పడతాయి. ప్లాంట్ మొత్తం సగటు కావాలంటే, రోజుకి బయటికి వెళ్లే 92 వేలల్లో బ్యాటరీ వాటా 40 వేలు, అంటే 43 శాతం. బ్యాటరీ భారం ఆ 43 శాతం మీదే పడుతుంది. సాయంత్రం యూనిట్ ఖర్చు, ప్లాంట్ మొత్తం సగటు ఖర్చు, ఈ రెండు అంకెల్నీ విడివిడిగా ఉంచుకోండి. సగటు అంకె చూపించి బ్యాటరీ కరెంటు చవకని చెప్పడం, సాయంత్రం అంకె చూపించి ప్లాంట్ మొత్తం ఖరీదని చెప్పడం, రెండూ జరుగుతుంటాయి.

ఇప్పుడు అదే లెక్కలో ఒక్కొక్కటే కదిపి చూడండి. వడ్డీ 10 నుంచి 6 శాతానికి దిగితే 0.63 కాస్తా 0.51 అవుతుంది. వడ్డీ అలాగే ఉంచి, బ్యాటరీ నిండే రోజులు 330 నుంచి 250కి పడితే 0.84 అవుతుంది. బ్యాంకు దగ్గర పావు శాతం కోసం నెలలు బేరమాడి, నిండే రోజుల అంకెని మాత్రం ఊహ మీద రాసేస్తారు. బ్యాటరీ ఖరీదు కొనేనాడు కాదు, ఖాళీగా పడి ఉన్న రోజుల్లో పెరుగుతుంది. అందుకే ఎన్ని గంటల బ్యాటరీ అన్నది ఒక్కో గంటకీ విడిగా తేల్చుకోవాలి. మొదటి రెండు గంటల కెపాసిటీ మబ్బు రోజున కూడా నిండుతుంది. నాలుగో గంట కాస్త తక్కువ. అయిదో గంట కెపాసిటీ ఏడాదికి 160 రోజులే నిండుతుందని తేలితే, ఆ గంట కరెంటు 320 రోజులు నిండే గంట కంటే సరిగ్గా రెట్టింపు ఖరీదు. ఇది తెలియాలంటే నెలవారీ సగటు ఎండ పనికిరాదు. కనీసం ఒక పూర్తి ఏడాదికి గంట గంటకీ, వీలైతే 15 నిమిషాలకోసారి ఎండ లెక్క కావాలి. సగటులో ఒక మబ్బు రోజూ ఒక మండే రోజూ కలిసి రెండు మామూలు రోజులవుతాయి. బ్యాటరీకి మాత్రం ఒక రోజు ఖాళీ, ఒక రోజు పొర్లడం.

పొర్లడం అన్నాను కాబట్టి బ్యాటరీని ప్యానెళ్లతో కలిపేది ఇన్వర్టర్ దాటాక ఏసీ వైపా (ఏసీ కలయిక), ఇన్వర్టర్‌కి ముందే డీసీ వైపా (డీసీ కలయిక) అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఏసీ కలయికలో 22 మెగావాట్ల ప్యానెళ్లకి 17, 18 మెగావాట్ల సోలార్ ఇన్వర్టర్లు, బ్యాటరీకి విడిగా 10 మెగావాట్ల పీసీఎస్ కావాలి. డీసీ కలయికలో గ్రిడ్ వైపు 10 మెగావాట్ల ఇన్వర్టర్ చాలు, మిగులు ఏసీ కాకుండానే డీసీ కన్వర్టర్ల మీదుగా బ్యాటరీలోకి పోతుంది. ప్యానెళ్లు ఇన్వర్టర్‌కి రెండింతలున్న మీలాంటి కొత్త ప్లాంట్‌కి నేనైతే డీసీ వైపే మొగ్గుతాను. ఇదివరకే నడుస్తున్న ప్లాంట్‌కి బ్యాటరీ తగిలిస్తుంటే ఏసీయే మంచిది, పాత స్ట్రింగ్‌లని (వరసగా కలిపిన ప్యానెళ్లని) కదపక్కర్లేదు. డీసీలో ఇబ్బంది ఏమిటంటే కంటైనర్లు ప్లాంట్ నిండా చెల్లాచెదురవుతాయి. కూలింగ్ చూసేవాళ్లు, ఫైర్ సిస్టమ్ చూసేవాళ్లు పది చోట్లకి తిరగాలి. డీసీ కన్వర్టర్ పోతే స్పేర్ ఆ కంపెనీదే కావాలి.

ఇందాకటి 47 వేలల్లో ఒక భాగం ఎవరూ అడగరు: కంటైనర్లు తమకోసం తాము తాగే కరెంటు. చిల్లర్, పంపు, ఫ్యాన్లు, కంట్రోల్ బోర్డులు. కంటైనర్‌కి సగటున 8 కిలోవాట్లు అనుకుంటే 11 కంటైనర్లకి 24 గంటల్లో 2100 యూనిట్లు. 40 వేలు ఇచ్చిన రోజున ఇది 5 శాతం. మబ్బు పట్టి 15 వేలే ఇచ్చిన రోజున కూడా చిల్లర్ పూర్తిగా ఆగదు కదా, వాటా రెట్టింపు దాటిపోతుంది. కాంట్రాక్టులో 88 శాతం ఎఫిషియెన్సీ అని రాసుంటే, ఈ సొంత వాడకం అందులో కలిసిందో లేదో అడగండి. చాలాసార్లు కలవదు. వేరే ఫీడర్ మీద, వేరే మీటర్ మీద వస్తుంది, బిల్లు మీకొస్తుంది. దుమ్ము ఎక్కువున్న చోట చిల్లర్ కండెన్సర్ రెక్కలు మూసుకుపోతే ఇదే వాడకం ఇంకా పెరుగుతుంది, సెల్స్ వేడెక్కి పీసీఎస్ తనంతట తనే పవర్ తగ్గించుకుంటుంది. ప్యానెళ్లు కడగడానికి షెడ్యూల్ ఉన్నట్టే కండెన్సర్లకీ ఉండాలి.

ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ ఉన్న సోలార్ ప్లాంట్‌లో పనితీరు పడిపోవడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం సెల్ చెడిపోవడం కాదు, బ్యాటరీలో ఎంతుందో బ్యాటరీకే తెలియకపోవడం. ఈ రకం సెల్ వోల్టేజీ మధ్య భాగంలో దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. 30 శాతం దగ్గరా 80 శాతం దగ్గరా తేడా కొన్ని పదుల మిల్లీవోల్టులే. అందుకని బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ సిస్టమ్ బీఎంఎస్ వోల్టేజీ చూసి చెప్పలేదు, లోపలికీ బయటికీ పోయిన ఆంపియర్లు కూడుతూ తీసేస్తూ ఉంటుంది. కరెంట్ సెన్సార్‌లో చిన్న తప్పు రోజురోజుకీ పేరుకుంటుంది. పూర్తిగా నిండినప్పుడు వోల్టేజీ నిటారుగా లేస్తుంది కాబట్టి అక్కడ లెక్క సరిదిద్దుకుంటుంది. గ్రిడ్ కరెంటుతో నింపే బ్యాటరీకి ఆ అవకాశం రోజూ ఉంటుంది. ఎండ మీదే ఆధారపడ్డ బ్యాటరీకి వానాకాలంలో వారాల తరబడి నిండే యోగం ఉండదు. అప్పుడు స్క్రీన్ మీద 28 శాతం అని కనిపిస్తుంటుంది, ఒక ర్యాక్‌లోని 416 సెల్స్‌లో బలహీనమైన ఒక్క సెల్ అడుగు వోల్టేజీ తాకుతుంది, ర్యాక్ మొత్తం సర్క్యూట్ నుంచి విడిపోతుంది. దాని భారం పక్క ర్యాక్‌ల మీద పడి అవీ ఒకదాని వెనక ఒకటి పోతాయి. రాత్రి ఎనిమిదింటికి 10 మెగావాట్ల మాట ఇచ్చిన ప్లాంట్ 4 మెగావాట్లకి దిగుతుంది. సెల్స్ పాడయ్యాయని కేకలు మొదలవుతాయి.

దీనికి మందు చవకైనదే. రెండు వారాలకి ఒకసారైనా, ఆ రోజు పగటి అమ్మకం వదులుకునైనా సరే, కంటైనర్లని వంతులవారీగా 100 శాతం దాకా నింపి, చివర్లో కరెంటు తగ్గించి, సెల్స్ సమానమయ్యే దాకా ఒకట్రెండు గంటలు అలా వదిలెయ్యండి. ఇది ప్లాంట్ మొత్తాన్ని నడిపే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఈఎంఎస్‌లో ముందే ప్రోగ్రామ్ చేయించాలి. రోజూ చూడాల్సింది శాతం కాదు, ప్రతి ర్యాక్‌లో అతి ఎక్కువ సెల్ వోల్టేజీకీ అతి తక్కువకీ తేడా. మధ్య భాగంలో ఈ తేడా చూస్తే ఏమీ తెలియదు. డిశ్చార్జ్ చివరి పది నిమిషాల్లో చూడండి, ఏ ర్యాక్ జబ్బుదో అక్కడ బయటపడుతుంది.

వారంటీలో ఏడాదికి ఎన్ని సైకిళ్లు (ఒకసారి నిండి ఖాళీ అయితే ఒక సైకిల్), మొత్తం ఎన్ని మెగావాట్ అవర్లు, సెల్ ఉష్ణోగ్రత ఎంత, సగటున ఎంత శాతం నిండి ఉండాలి అని షరతులుంటాయి. సాయంత్రం కరెంటుకి ఒక సైకిల్ వాడి, పగలు మబ్బుల ఎగుడుదిగుళ్లు సర్దడానికి అదే బ్యాటరీని వాడితే ఆ చిన్న చిన్న కదలికలన్నీ కూడి రోజుకి ఇంకో పావు సైకిల్ అవ్వొచ్చు. రెండు ఆదాయాలు కాగితం మీద కలిపి చూపించేముందు వారంటీ మెగావాట్ అవర్లు ఏ ఏటికి అయిపోతాయో చూడండి. పాతబడ్డాక కొత్త కంటైనర్లు కలిపేటప్పుడు కొత్తవాటిని పాతవాటితో ఒకే డీసీ బస్ (ఉమ్మడి డీసీ లైన్) మీద పెట్టకండి. నిరోధకం తక్కువున్న కొత్తవాటిలోకే కరెంటు దూసుకెళ్తుంది. వాటికి సొంత పీసీఎస్ కావాలి. అందుకు రెండు కంటైనర్ల పునాది, కేబుల్ ట్రెంచ్‌లో ఖాళీ, ప్యానెల్ బోర్డులో ఒక బ్రేకర్ జాగా ఇప్పుడే వదలండి. ఇప్పుడైతే కాంక్రీటు ఖర్చు. అప్పుడైతే ప్లాంట్ ఆపి తవ్వాలి.

సోలార్ థర్మల్ గురించి. 60 పాళ్లు సోడియం నైట్రేట్, 40 పాళ్లు పొటాషియం నైట్రేట్ కలిపిన ఉప్పుని, చుట్టూ ఉన్న అద్దాలు ఎండని టవర్ కొనకి మళ్లించే టవర్ ప్లాంట్‌లో 290 డిగ్రీల నుంచి 565 దాకా వేడి చేస్తారు. టన్ను ఉప్పు సుమారు 115 యూనిట్ల వేడి దాచుకుంటుంది, టర్బైన్‌లో 40 శాతం చొప్పున 46 యూనిట్ల కరెంటు అవుతుంది. పొడవాటి తొట్టి అద్దాల ప్లాంట్‌లో మధ్యలో ఉండే నూనె 393 డిగ్రీలకి మించి తట్టుకోదు. ఉప్పు వంద డిగ్రీలే కదులుతుంది కాబట్టి అంతే వేడికి రెండున్నర రెట్లకి పైగా ఉప్పు కావాలి. స్పెయిన్‌లోని 50 మెగావాట్ల అందసోల్ 1లో ఏడున్నర గంటలకి 28,500 టన్నులు పోశారు. దాచిన వేడి మాత్రం ట్యాంకులోంచి పోదు, రోజుకి ఒకట్రెండు శాతానికి లోపే. గంటలు పెంచాలంటే ట్యాంకు, ఉప్పు పెంచితే సరి, టర్బైన్ అదే. అందుకే ఇది పది, పన్నెండు గంటలు దాటిన చోటే బ్యాటరీకి పోటీ. చిలీలో అటకామా ఎడారిలోని సెర్రో డొమినడోర్‌లో పగటికి 100 మెగావాట్ల ప్యానెళ్లు, రాత్రికి 17.5 గంటల ఉప్పుతో 110 మెగావాట్ల టవర్ కలిపి పెట్టింది ఆ ఆలోచనతోనే.

మీ 10 మెగావాట్లు, నాలుగు గంటలకి అది కుదరదు. అంత చిన్న ఆవిరి టర్బైన్‌కి ఆ 40 శాతం రాదు, పైగా అద్దాలకి నేరుగా పడే ఎండే కావాలి, పొగమంచూ పల్చటి మబ్బూ ఉంటే ప్యానెల్ కొంతైనా ఇస్తుంది, అద్దం ఏమీ ఇవ్వదు. దెబ్బ తగిలితే కోలుకోవడమూ ఆలస్యమే. అమెరికాలో నెవాడాలోని క్రెసెంట్ డ్యూన్స్ 110 మెగావాట్ల టవర్, పది గంటల నిల్వ. 2016లో వేడి ఉప్పు ట్యాంకు కారి నెలల తరబడి మొత్తం ప్లాంటే ఆగింది. 11 కంటైనర్లలో ఒకటి పోతే మీకు పదకొండో వంతు పోతుంది. అక్కడ ట్యాంకు ఒక్కటే.

రేపు ఎవరైనా 24 గంటలూ సోలారే అని ఊరిస్తే ఒక కొలత గుర్తుంచుకోండి. అబుదాబిలో 2025 జనవరిలో ప్రకటించిన ప్రాజెక్టులో రోజంతా 1 గిగావాట్ ఇవ్వడానికి 5.2 గిగావాట్ల ప్యానెళ్లు, 19 గిగావాట్ అవర్ల బ్యాటరీ. అదీ ఏడాదంతా దాదాపు మబ్బే లేని ఎడారిలో. రాత్రి గాలి వీచే చోటైతే ప్యానెళ్ల పక్కన కొన్ని గాలిమరలు పెడితే ఈ బ్యాటరీ బాగా తగ్గుతుంది.

డబ్బు కట్టేముందు ఒప్పందంలో కెపాసిటీ టెస్ట్ ఇలా రాయించండి: పూర్తిగా నింపాలి, ఒక గంట ఆపాలి, 10 మెగావాట్లు ఏమాత్రం తగ్గకుండా ఆగిపోయే దాకా తీయాలి, మీ గ్రిడ్ మీటర్ దగ్గర చదవాలి. మళ్లీ అదే స్థాయికి నింపి, లోపలికి పోయినదాన్ని కంటైనర్ల సొంత వాడకంతో సహా కూడి భాగించాలి. ఏడాదిలో అతి వేడిగా ఉండే నెలలో ఇది మళ్లీ చేయాలి. చల్లటి పొద్దున చేసిన టెస్ట్‌లో ఏ చిల్లర్ అయినా పాసవుతుంది.